అప్ప అంటే ఎవరు?

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో లాయరు సత్యశ్రీ ఆఫీసు. ఆ ఉదయం గోపాలపట్నం నుంచి వచ్చిన వరహాలమ్మ ఆమె ఎదుట కూర్చుని, కొంగుతో కళ్లొత్తుకుంటూ తన గోడు చెప్పుకుంటోంది. బల్ల మీద సెల్‌ఫోను ఆ మాటలన్నీ రికార్డు చేస్తోంది. సత్యశ్రీ మధ్యమధ్య తలూపుతూ ఇంకో కేసు కాగితాలు తిరగేస్తోంది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంది! లాయరుకు రాసే శ్రమ లేదు, క్లయింటుకు పదిసార్లు తిరిగే శ్రమ లేదు.

వరహాలమ్మ పోర్టులో సరుకు దించే ఒక కాంట్రాక్టరు దగ్గర పద్నాలుగేళ్లు గోడౌన్లు ఊడ్చింది. అక్క రామలక్ష్మమ్మకు గుండె ఆపరేషన్ జరిగితే పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండిపోయింది. వెళ్లేముందు సూపర్‌వైజరుకు చెప్పే వెళ్లింది. తిరిగొచ్చేసరికి, చెప్పాపెట్టకుండా మానేసిందని పనిలోంచి తీసేశారు. తనకేమీ చెప్పలేదని సూపర్‌వైజరు అడ్డం తిరిగాడు. చెప్పినట్టు కాగితం ముక్క లేదు. లేబర్ కోర్టులో ఆమెకున్న ఆధారమల్లా ఆమె మాట ఒక్కటే. ఆ మాట నమ్మితే పని దక్కుతుంది, లేకపోతే లేదు.

ఆమె చెప్పడం పూర్తయ్యాక ఫోన్‌లోని ఏఐ ఆ తెలుగును ఇంగ్లీషులోకి మార్చి, చిటికెలో అఫిడవిట్ తయారుచేసింది. వాదనకు పనికొచ్చే పాత తీర్పులు కూడా ఏరి పెట్టింది. సత్యశ్రీ బద్ధకస్తురాలు కాదండోయ్! ఏఐ లేని తీర్పుల్ని ఉన్నట్టు రాస్తుందని విని ఉంది గనుక, ఒక్కో తీర్పునూ వెతికి సరిచూసుకుంది. చూడనిదల్లా వరహాలమ్మ మాటలే. పెద్ద కోర్టులు అన్న మాటకున్న మర్యాద గోడౌను ఊడ్చే మనిషి అన్న మాటకు లేకపోయింది!

అఫిడవిట్ చివర "పై విషయాలన్నీ తెలుగులో చదివి వినిపించగా, సరైనవని ఒప్పుకుని వేలిముద్ర వేసినది" అన్న వాక్యం ఉంది. దాన్నీ ఏఐయే చేర్చింది. దాని కింద వరహాలమ్మ వేలిముద్ర వేసింది, సత్యశ్రీ సంతకం పెట్టింది. నిజానికి చదివి వినిపించిన వాళ్లు మాత్రం ఎవరూ లేరు.

విచారణ రోజున కాంట్రాక్టరు తరఫు లాయరు దేవీప్రసాద్ లేచాడు.

"మీ నాన్నగారు ఉన్నారామ్మా?"

"మా బాబా? సచ్చిపోయి తొమ్మిదేళ్లయిపోనాది బాబూ."

"మరి నిరుడు మీ నాన్నగారికి గుండె ఆపరేషన్ అయిందని అఫిడవిట్‌లో చెప్పారే!"

"ఓలమ్మో! అలగని నానెప్పుడు సెప్పినాను?"

"వేలిముద్ర మీదే. చదివి వినిపించినట్టు మీ లాయరుగారే సంతకం చేశారు." దేవీప్రసాద్ జడ్జి వైపు తిరిగాడు. "చనిపోయిన తండ్రికి ఆపరేషన్ చేయించిన మనిషి సార్ ఈవిడ. సూపర్‌వైజరుకు చెప్పానన్నదీ అలాంటి మాటే."

హాల్లో నలుగురు పకపకా నవ్వారు. వరహాలమ్మ సత్యశ్రీ వైపు తిరిగి, "నాను అబద్ధం ఆడనేదని సెప్పమ్మా!" అంది. సత్యశ్రీ గబగబా అఫిడవిట్ తిరగేసింది. ఇంతలో భోజనాల వేళయి, విచారణ మధ్యాహ్నానికి వాయిదా పడింది.

వరండాలోకి వస్తూనే సత్యశ్రీ రికార్డింగు పెట్టి వింది. "మా అప్పకి గుండాపరేసనండి" అని స్పష్టంగా ఉంది. కొన్ని భాషల్లో అప్ప అంటే నాన్న. ఏఐ అదే పట్టుకుంది. మన ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క. సత్యశ్రీ తల్లిదండ్రులు కృష్ణా జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాళ్లే అయినా, ఈ ఊళ్లో పుట్టి పెరిగిన ఆమెకు ఆ మాట తెలియక కాదు. ఒక్కసారి పైకి చదివి ఉంటే అప్పుడే దొరికేది.

ఆమెకు పని నేర్పిన సీనియర్ శ్రీరామ్మూర్తిగారు దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. "టైపిస్టు పొరపాటని ఒక మెమో పడేయ్ అమ్మాయ్. ఏఐ అన్నావంటే నీ పరువు పోతుంది."

"నాకు టైపిస్టే లేడు కదండీ!"

"ఆ సంగతి జడ్జిగారికేం తెలుసు?"

"నాకు తెలుసు కదండీ. నేను చదివి వినిపించకపోబట్టే ఆవిడ అబద్ధాలకోరు అయింది. ఇప్పుడు నేనూ ఇంకో అబద్ధం ఆడనా? పోతే నా పరువే పోనివ్వండి, ఆవిడ పని పోకూడదు."

మధ్యాహ్నం సత్యశ్రీ జడ్జిగారి ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. జడ్జిగారు రికార్డింగు విని, వరహాలమ్మను అడిగారు.

"అప్ప అంటే ఎవరమ్మా?"

"ఎవరేటి బాబూ! నాకంటే ముందు పుట్టిన ఆడగుంట. మా రామలక్ష్మప్ప."

జడ్జిగారు సత్యశ్రీని చూశారు. "ఏఐ వాడటం తప్పని నేననను. చదివి వినిపించకుండానే వినిపించానని సంతకం చేశారు చూడండి, అది తప్పు. ఇంకోసారి జరిగితే ఊరుకోను. ఇప్పుడే వినిపించి, సరిదిద్ది తీసుకురండి."

వరండా బెంచీ మీద సత్యశ్రీ ఒక్కో వాక్యం తెలుగులో చదువుతుంటే వరహాలమ్మ చెవులు రిక్కించి వింది. సూపర్‌వైజరుకు చెప్పిన చోటికి రాగానే చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆగమ్మా. గేటుకాడ సెప్పినాను, అదేదీ? వాచ్‌మన్ అర్జునరావు పక్కనే నిల్సుని ఇన్నాడు గదా!"

సత్యశ్రీ గబగబా ఫోను తీసి మళ్లీ వింది. రికార్డింగులో ఆ మాటా ఉంది. కుదించి రాసే తొందరలో ఏఐ దాన్ని వదిలేసింది. కేసును నిలబెట్టే సాక్షి ఇన్నాళ్లూ ఆ ఫోన్‌లోనే ఉన్నాడు!

అర్జునరావు ఉద్యోగం మానేసి పూర్ణా మార్కెట్‌లో కొట్టు పెట్టుకున్నాడు. పిలవగానే వచ్చి విన్నది విన్నట్టు చెప్పాడు. నాలుగు నెలలకు వరహాలమ్మను పనిలోకి తీసుకోవాలని తీర్పు వచ్చింది.

అయ్యా, సత్యశ్రీ ఇప్పటికీ ఏఐ వాడుతూనే ఉంది. కాకపోతే ఆమె ఆఫీసులో ప్రతి అఫిడవిట్‌నూ క్లయింటుకు పైకి చదివి వినిపిస్తారు, ఎంతసేపు పట్టినా సరే. ఏ యాప్ మంచిదని కొత్త లాయర్లు అడిగితే ఆమె ఒకటే చెబుతుంది.

"ఏదైనా వాడుకోండి. కానీ క్లయింటు మాటను క్లయింటుకే వినిపించి, అవునని అనిపించుకోకుండా మాత్రం మీ సంతకం పెట్టకండి."