లోపలికి పీల్చిన అవును

మా ఆయన స్టూరెకి మాట పొదుపు. ఉలి జారి కుడి మణికట్టు తెగిన రోజున కూడా, పనిగదిలోంచి వంటింట్లోకి వచ్చి సింకు దగ్గర నిలబడి, "ఎల్నా, తువ్వాలు" అన్నాడంతే. అరుపులన్నీ నేనే అరిచి, కారు తీసి, మంచులో రెండు గంటలు నడిపి పెద్దాసుపత్రిలో పడేశాను. తెగిన నరాన్ని ఆ రోజే కుట్టారు. కానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారిపోయాయి. భూర్జ కర్రతో గిన్నెలూ కత్తిపిడులూ చెక్కే మనిషి ఆయన. కర్ర నున్నబడిందో లేదో కళ్ళతో చూడడు, ఆ మూడు వేళ్ళతోనే చూస్తాడు.

వారం తిరక్కుండానే డాక్టర్ సిగ్నె ఒక కబురు చెప్పింది. నరం త్వరగా పెరగడానికి కొత్త మాత్ర పరీక్షిస్తున్నారట. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే పిండి మాత్ర. ఎవరికేది దక్కిందో మింగేవాళ్ళకీ తెలీదు, ఇచ్చేవాళ్ళకీ తెలీదు, రెండేళ్ళయ్యాకే విప్పి చూస్తారు. ఉత్త పిండి మింగినా కొందరికి బాగైపోయినట్టే అనిపిస్తుంది, అది మనసు చేసే మాయ అని కూడా చెప్పింది. మిగతావన్నీ వదిలేసి మా ఆయన ఆ ఒక్క ముక్కనే గట్టిగా పట్టుకున్నాడు. అదే మా కొంప ముంచబోయింది.

చేరతావా అని ఆవిడ అడిగితే స్టూరె ష్యూప్ మని, వేడి కాఫీ జుర్రినట్టు, ఊపిరి లోపలికి పీల్చాడు. సిగ్నె కాగితం ముందుకు జరిపింది, ఈయన ఎడంచేత్తో సంతకం గీకాడు.

నాకేమో మొదటిరోజు నుంచీ ఒకటే ఆరా. మందా, పిండా? ఒక మాత్ర తీసి నాలిక మీద పెట్టుకుని చూశాను. చేదు విషం. పిండి చేదుగా ఎందుకుంటుంది, మనకు అసలుదే తగిలిందని సంబరపడి సిగ్నెకి ఫోన్ చేస్తే, ఆవిడ నవ్వి, రెండూ చేదుగానే చేస్తారు, నీలాంటివాళ్ళు ఉంటారని తెలిసే, అంది.

మూడు నెలలకోసారి వేళ్ళని తాకి చూసేవారు. మూడో నెల పరీక్షలో వేళ్ళకేమీ తెలియలేదు. ఆరో నెలా అంతే. ఎనిమిదో నెలలో మాత్రం ఈయన పిల్లి వీపు మీద చెయ్యి పెట్టి ఎంతసేపటికీ తీయకపోవడం చూశాను. అడిగితే ఏం లేదన్నాడు. తొమ్మిదో నెల పరీక్షకి వెళ్ళొచ్చిన పది రోజులకి ఉత్తరం వచ్చింది. మూడు వేళ్ళకీ సున్నా. మణికట్టు మళ్ళీ కోసి, పాత కుట్టు తీసేసి, పిక్కలోంచి నరం ముక్క తెచ్చి అతకాలట. అంటే ఇన్నాళ్ళూ పెరిగిందేదైనా ఉంటే అదీ పోతుంది, మళ్ళీ మొదటికి.

"పరీక్షలో నీకేమైనా తెలిసిందా అసలు?" అని నిలదీశాను.

"తెలిసినట్టే అనిపించింది."

"మరి?"

"మనసు మాయ అయ్యుంటుంది. వాళ్ళు ముందే చెప్పారుగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై రెండేళ్ళ మనిషి తన వేళ్ళని నమ్మడట, కవర్లో వచ్చిన కాగితాన్ని నమ్ముతాడట. ఆ రాత్రి అన్నం గిన్నె తన ముందు ఠప్పున పెట్టాను.

కోసేముందు ఖాయం చేసుకోవడానికి ఇంకొక్కసారి పరీక్ష ఉంది. నన్నూ ఆ గదిలో కూర్చోనివ్వమని సిగ్నెని పీక్కు తిన్నాను. కుదరదు, కుదరదు అని చివరికి విసిగిపోయి, తలుపు పక్కన కుర్చీ వేస్తాను, నోరు మాత్రం తెరవకూడదంది. అది నాకు చేతకాని విద్య, అయినా సరేనన్నాను.

పరీక్ష చేసే అమ్మాయి పెర్నిల్లా. పాతావిడ పురిటికి వెళ్తే శరత్కాలంలో కొత్తగా వచ్చింది, తొమ్మిదో నెల పరీక్ష చేసిందీ ఈ అమ్మాయేనట. నోరు విప్పగానే నా ప్రాణం లేచొచ్చింది. మా దక్షిణపు యాస! నేను ఈ ఉత్తరాదికి కోడలిగా వచ్చి ముప్పై ఆరేళ్ళు, ఆ యాస వింటే ఇప్పటికీ పుట్టింటికి వెళ్ళినట్టే ఉంటుంది.

ఆ అమ్మాయి స్టూరె కళ్ళకి గంతలు కట్టి, అరచెయ్యి వెల్లకిలా పెట్టించి, కాగితం చూసి చదివింది, తగిలినప్పుడు అవును అనండి అని. గాలపు తీగంత సన్నని పోగుతో చూపుడువేలి కొసని తాకింది.

ష్యూప్.

పెర్నిల్లా ఒక్క క్షణం ఆగి, సున్నా రాసింది.

నేను మెడ సాచాను. ఈసారి పోగుని వేలి దాకా తెచ్చి తాకించకుండానే తీసేసింది. ఈయన రాయిలా కూర్చున్నాడు. మళ్ళీ తాకింది. ష్యూప్. మళ్ళీ సున్నా. ఉత్తుత్తిగా తెస్తే ఉలుకూ పలుకూ లేదు, తాకితే మాత్రం ష్యూప్. ఐదుసార్లు చూశాను. ఆ శబ్దం నాకు కొత్త కాదు.

ముప్పై ఆరేళ్ళ కిందట ఇక్కడి బస్టాపులోనే నన్ను పెళ్ళి చేసుకుంటావా అని ఈయన్ని నోరు తెరిచి అడిగాను. ఊపిరి ఎగబీల్చి ఊరుకున్నాడు. హడలిపోయాడనుకుని బస్సెక్కి రైలు స్టేషను దాకా ఏడ్చాను. మర్నాడు వాళ్ళమ్మ ఫోన్ చేసి, పెళ్ళి ఎప్పుడు పెట్టుకుందామమ్మా అంది.

ఇంక ఆగలేకపోయాను. "అమ్మాయ్, ఆయన అవునంటున్నాడు."

"మీరు మాట్లాడకూడదండీ."

"నేను కాదమ్మా, ఆయన మాట్లాడుతున్నాడు. నీకే వినపడట్లేదు."

పెర్నిల్లా తెల్లబోయింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదని, పాపం చెయ్యి నొప్పేమో, మాటిమాటికీ ఊపిరి ఎగబీలుస్తుంటే ఆగి ఆగి చేస్తున్నానని చెప్పింది.

"అదేనే తల్లీ ఇక్కడ అవునంటే!"

ఆ పిల్ల ముఖం కందిపోయింది. కిరాణా కొట్టులో అమ్మే అతనికి ఉబ్బసం అనుకుంటున్నానని గొణిగింది. సిగ్నెని పిలిస్తే ఆవిడ తల పట్టుకుంది. అవును అనండి అని కాగితంలో రాసిందే ఆవిడ. ఇక్కడ పుట్టి పెరిగిన మనిషికి ఆ శబ్దం మాట కాదని తట్టనేలేదు. మా ఆయనేమో గంతలతోనే కూర్చుని, నేను చెబుతూనే ఉన్నా కదా అన్నాడు.

గంట పోయాక మొదటినుంచీ మళ్ళీ చేశారు, నన్ను బయటికి తోసి. నోరు తెరిచి గట్టిగా చెప్పమన్నారట. పది తాకుళ్ళలో ఏడు చెప్పాడు, ఉత్తుత్తివాటికి ఒక్కసారీ పలకలేదు. మాయ అయితే వాటికీ పలికేవాడుగా. కోత అక్కర్లేదన్నారు. మందో పిండో మాత్రం ఇంకా ఏడాది దాకా తెలీదు. ఆ ఆరాతో నేను చచ్చేలా ఉన్నాను.

ఆ మర్నాటి నుంచీ ఇంట్లో కొత్త బాధ మొదలైంది. కాఫీ పొయ్యనా అంటే "అవును!" అని బడిపిల్లాడిలా అరుస్తాడు. పిల్లి బల్ల కిందకి దూరుతోంది. ఆదివారం పనిగదిలోకి వెళితే సగం చెక్కిన గిన్నెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకోమని, నా తలలోంచి తెల్లవెంట్రుక ఒకటి పీకి, చూపుడువేలి కొస మీద మెల్లగా లాగాను.

"అవును!"

"నాతో అలా వద్దయ్యా. పాతదే అను."

కళ్ళు తెరవకుండానే నవ్వాడు. మళ్ళీ లాగుతూ, "ఇప్పుడు అడిగితే నన్ను మళ్ళీ పెళ్ళి చేసుకుంటావా?" అన్నాను.

ష్యూప్ మన్నాడు. ఈసారి నేను బస్సెక్కలేదు.