పని చేసే పంపు

మోటారు మామ పంపుగది తలుపు భుజంతో నెట్టి, అలవాటుగా గోడ మేకు దగ్గరికి చెయ్యి చాచాడు. మేకు ఉంది, చెక్క సుత్తి లేదు. అప్పుడు గుర్తొచ్చింది. నిన్ననే భార్య దాన్ని పట్టుకుపోయి పాత బట్టల పెట్టె అడుగున దాచేసింది.

ఊరందరికీ ఆయన మోటారు మామే. అసలు పేరు పెట్టినవాళ్లు పోయాక ఆ పేరుతో పిలిచే నాథుడు లేడు. సన్నటి మనిషి, ఎంత తోమినా గ్రీజు మరక పోని వేళ్లు. చెవి మాత్రం పాము చెవి. మోటారు గొంతు కాస్త మారితే ఇంట్లో పడుకునే పసిగట్టేస్తాడు. ఆ పంపు ఆయన పెళ్లినాటిది. లోపలి చక్రం రోజూ ఇరుక్కుంటుంది, మోటారు మూలుగుతుంది, నీళ్లు రావు. పైపు వంపు కింద ఒకచోట సుత్తితో ఒక మోస్తరుగా కొడితే, అలిగిన పిల్లలా కాసేపు బెట్టు చేసి, ఆనక గలగలా వదిలేస్తుంది. ఆ ఒకచోటు ఎక్కడో, ఆ ఒక మోస్తరు ఎంతో ఆయన చేతికొక్కదానికే తెలుసు.

ఊరికి వచ్చిన చిక్కంతా ఆ చెయ్యే. కొత్త పంపు కోసం ఊరు మొరపెట్టుకోని ఆఫీసు లేదు. ఎప్పుడో ఒక అధికారి ఆ గతుకుల దారిన పడుతూ లేస్తూ వచ్చేవాడు. స్విచ్చి నొక్కేవాడు. మామ చెయ్యి ఊరుకునేది కాదు. నీళ్లు ఎగిరిపడేవి. "శుభ్రంగా పని చేస్తోందిగా! పంపే లేని ఊళ్లున్నాయి, ముందు వాళ్లకిద్దాం," అని అధికారి దోసిలి పట్టి తాగి మరీ వెళ్లిపోయేవాడు. ఇవాళ మళ్లీ ఒక ఆఫీసరమ్మ వస్తోంది. ఇదీ తప్పిపోతే ఎక్కడో కొసన ఉన్న ఈ ఊరి మొహం ఇంకెవరూ చూడరని ఊరి పెద్దకు బెంగ.

"మామా, నీకు దండం పెడతా. ఈ ఒక్క పూట ఏమీ చెయ్యకు," అన్నాడు పెద్ద.

"నేనేం చేస్తాను?" అన్నాడు మామ, అప్పటికే గుడ్డతో పైపు తుడుస్తూ.

భార్యకు నమ్మకం కుదరలేదు. సముద్రం చూపిస్తానని కొత్త కాపురంలో మాటిచ్చాడు ఆయన. ఎప్పుడడిగినా, "నేను పోతే నీళ్లెవరు వదుల్తారే?" అని దాటేస్తాడు. కూతురికి పురుడొచ్చిన వేళ కూడా ఈ గదిలోనే ఉన్నాడు. పంపంటే ఆవిడకు సవతి మీదున్నంత కోపం. మనవరాలిని ఎత్తుకొచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"రెండు చేతులతో పట్టుకో. దించావో, చూడు మరి!"

జీపు దారి మధ్యలో దిగబడిపోవడంతో ఆఫీసరమ్మ బురద కాళ్లతో, నవ్వుతూ నడిచొచ్చింది. జనమంతా నవ్వు ఆపుకుంటూ, ఏడుపు మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. ఆవిడ స్విచ్చి నొక్కింది. మోటారు మూలిగింది. నీళ్లు రాలేదు. ఊరి పెద్ద సంతోషం పైకి రాకుండా తన తొడ తనే గిల్లుకున్నాడు.

మూలుగు ఆగలేదు. అందరికీ అది ఉత్త చప్పుడు. మామకు మాత్రం లోపల తీగలు వేడెక్కుతున్నట్టు వినిపించింది, ఆ వెంటే మాడు వాసన తగిలింది. ఇది కాలిపోతే రేపు పొద్దున ఊరికి చుక్క నీరుండదు. కొత్తదా, ఎప్పుడొస్తుందో ఎవరికెరుక! భార్య వంక దీనంగా చూశాడు. ఆవిడ కళ్లెర్ర చేసింది. పసిపిల్ల భుజం మీద ఆదమరిచి నిద్రపోతోంది. ఆయన చేతులు మాట తప్పలేదు.

కాలే తప్పింది.

ఒక్క తన్ను. నీళ్లు ఎగిరి ఆఫీసరమ్మ చీరంతా తడిపేశాయి. ఊరు ఊరంతా "అయ్యో!" అంది. పిల్ల లేచి కిలకిలా నవ్వింది.

"పని చేస్తోందే!" అంది ఆఫీసరమ్మ మొహం తుడుచుకుంటూ.

ఊరి పెద్ద అక్కడే చతికిలబడ్డాడు. మామ తలెత్తలేదు. ఆయన భార్య జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఇది పంపు పని చెయ్యడం కాదమ్మా, మా ఆయన పని చెయ్యడం. ఆయన్ని బయటికి పంపి మీరు తన్ని చూడండి."

ఆఫీసరమ్మ మోటారు ఆపి, మళ్లీ వేసి, కొంగు దోపుకుని నిజంగానే తన్నింది. చెప్పు తెగింది. ఊరి పెద్ద తన్ని, కాలివేలు పట్టుకుని గెంతాడు. వెనకాలే నడిచొచ్చిన జీపు డ్రైవరూ తన్నాడు. మోటారు మూలుగుతూనే ఉంది. "ఇక ఆపండమ్మా, అది కాలిపోద్ది!" అని మామ బయట్నుంచి లబోదిబోమన్నాడు. స్విచ్చి కట్టేసి ఆఫీసరమ్మ గడప మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"పెద్దాయనా, మీరు ఊళ్లో లేరనుకోండి, అప్పుడో?"

"నేనెక్కడికి పోతానమ్మా?"

"సముద్రానికి," అంది భార్య.

ఆఫీసరమ్మ నవ్వు ఆపి ఆవిడ వంక చూసింది. "పంపు నడుస్తోందా లేదా అదే చూసి రమ్మన్నారు నన్ను. ఎవరు నడుపుతున్నారో చూసొచ్చానని నేను చెప్తాను," అంది, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని లేస్తూ.

వానలు వెలిశాక కొత్త పంపు వచ్చింది. బొత్తాం నొక్కితే చాలు, ఊరి పెద్దగారి కోడలు ఒక చంకన పిల్లాణ్ణి వేసుకుని నీళ్లు వదిలేస్తోంది. పాతదాన్ని లారీకెత్తిన రోజు మామ ఇల్లు కదల్లేదు. బాధపడ్డాడు, దాచుకోలేదు. "ముసల్ది నన్నెప్పుడూ చిన్నబుచ్చలేదే," అన్నాడు. సవతి పోయినందుకు తనకూ కాస్త దిగులేయడం చూసి భార్య ఆశ్చర్యపోయింది.

సముద్రానికి బయల్దేరే రోజు ఆవిడ కొత్త చీర కట్టి, సంచులు సర్దుకుని ముందే బస్సెక్కి కూర్చుంది. మామ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు. చెవి పంపుగది వైపే ఉంది.

"ఏమంటోంది?" అంది ఆవిడ.

"ఏమీ అనట్లేదే. నన్ను పిలవట్లేదు." నవ్వాడు గానీ కళ్లు తడిగా ఉన్నాయి.

"నేను పిలుస్తున్నాగా. ఎక్కు."

ఎక్కాడు. బస్సు మలుపు తిరిగాక ఊరి పెద్దగారి కోడలు పంపుగది తాళం తీసింది. గోడ మేకుకు, బట్టల పెట్టె అడుగునుంచి తిరిగొచ్చిన చెక్క సుత్తి వేలాడుతోంది, మామ వేళ్లు పట్టిన చోట పిడి పల్లంగా అరిగిపోయి ఉంది.