గోగులరేవు చరిత్రలో నలభై ఒకటో పేజీ

గోదావరి ఒడ్డున గోగులరేవు ఎంత చిన్న ఊరంటే, అక్కడ లాంచీ ఆపాలా వద్దా అని సరంగు రోజూ ఆలోచించుకునేవాడు. అలాంటి ఊరికి చరిత్ర రాయాలన్న బుద్ధి ఊళ్లో ఉన్నవాళ్లకు పుట్టలేదు. సికింద్రాబాదు వచ్చి స్థిరపడ్డవాళ్లకు పుట్టింది. మారేడ్‌పల్లిలో సొంత ఇళ్లు లేచాక, మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక, వాళ్లకు ఊరి మీద ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది. గోగులరేవు మిత్రమండలి అని ఒకటి పెట్టుకున్నారు. యాభైమూడు వరదకు యాభై ఏళ్లు నిండేసరికి పుస్తకం తేవాలని తీర్మానించి, రాసే పని రిటైరైన సోషల్ మాస్టారు జీవరాజు నెత్తిన పెట్టారు.

ఆ ఊరికి చరిత్రంటూ ఉంటే అదంతా ఒక్క గంటలో ఉంది. వరదనాడు తెల్లవారుజామున, ఏటిగట్టు తెగబోయే ముందు క్రైస్తవుల గుడిలో గంట ఆగకుండా మోగింది. ఊరంతా లేచి మెరక మీదికి పరుగెత్తింది. ఒక్క ప్రాణం పోలేదు. గంట విన్నవాళ్లు ఊరంతా ఉన్నారు గానీ, చీకట్లో, వానలో, కొట్టిందెవరో చూసినవాళ్లు లేరు.

ఎవరూ చూడకపోవడం మిత్రమండలికి బాగా కలిసొచ్చింది. నెల తిరక్కుండా జీవరాజు బల్ల మీదికి పది కాగితాలు వచ్చి పడ్డాయి. పది కాగితాల్లోనూ పదిమంది తాతలు గంట కొట్టారు. అంతమంది కలిసి లాగితే గంట కాదు, గుడే ఊడి పడేది.

"మా తాతయ్యే కొట్టేడండీ," అన్నాడు రైల్వేలో గార్డుగా చేసి దిగిన జకర్యా. "అరచేతులు బొబ్బలెక్కిపోయాయంట."

మోండా మార్కెట్లో పప్పుల కొట్టున్న పద్మనాభం ఊరుకుంటాడా? "మా తాతగారిది వేరే మతం కదండీ, గుళ్లోకి రాలేదు. తాడు కిటికీలోంచి బయటికి లాక్కుని కొట్టేరు," అన్నాడు.

జీవరాజు అన్నిటికీ తలాడించి కాగితాలు సొరుగులో పెట్టాడు. గంట కొట్టిందెవరో ఆయనకు తెలుసు. కొట్టాల్సినవాడు ఏం చేశాడో కూడా తెలుసు. అదే ఆయన ప్రాణానికి వచ్చింది.

గంట కొట్టాల్సినవాడు ఆయన తండ్రి, ఆ గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి యేసురాజు. గుడి తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. నీళ్లు వస్తున్నాయని ముందురోజు మధ్యాహ్నమే కబురు తెలిసింది ఆయనకు. గుడికి తాళం వేసి, చెవి మొలలో దోపుకుని, పెళ్లాంపిల్లల్ని పడవెక్కించి చల్లగా జారుకున్నాడు. పదేళ్ల జీవరాజు ఆ పడవలోనే ఉన్నాడు. నాలుగు రోజులకు తిరిగొస్తే గుడి మెట్ల మీద పగిలిన తాళం ఉంది. గుడి ఊడ్చే రోసమ్మ కుడిచేతికి గుడ్డకట్టు ఉంది. ఆమె ఉపదేశిగారి మొహంలోకి చూసి, చీపురు తీసుకుంది. ఆ యేడే ఎవరో మిలిటరీ ఆఫీసరు ఇంట్లో ఆయాగా బొల్లారం వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాకే ఉపదేశిగారికి ధైర్యం వచ్చింది. ఏటేటా వరదనాడు గుడిలో పెట్టే కృతజ్ఞతకూటంలో లేచి, "ప్రభువు నా చేత గంట కొట్టించాడు" అని సాక్ష్యం చెప్పాడు. సాక్ష్యానికి లేచిన మనిషిని మధ్యలో ఆపడం ఆ సంఘంలో లేదు. చివర ఆమెన్ అనడమే ఉంది. మొదటి ఏడు నలుగురు అన్నారు. పదో ఏటికి గుడంతా అంది.

పుస్తకం మొదలుపెట్టిన వారంలోనే జీవరాజు బొల్లారం వెళ్లి రోసమ్మను కలిశాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, పూసగుచ్చినట్టు చెప్పింది. రాయితో తాళం పగలగొట్టినప్పుడు తెగిన చెయ్యి చూపించింది.

"నా పేరు అచ్చులో పడుద్దా బాబూ?"

"పడకుండా ఎలా ఉంటుంది రోసమ్మక్కా?" అన్నాడు జీవరాజు. అన్నప్పుడు నిజంగానే అన్నాడు, పాపం.

తీరా మిత్రమండలి కూర్చుంది. పదిమంది తాతల్లో ఏ ఒక్కరు నెగ్గినా మిగతా తొమ్మిది ఇళ్లు విరుచుకుపడేలా ఉన్నాయి. చివరికి జకర్యా తేల్చాడు. "ఎందుకొచ్చిన గొడవండీ, ఉపదేశిగారి పేరు రాసేద్దాం. దేవుని సన్నిధిలో సాక్ష్యం చెప్పేరు కదా, అబద్ధం ఎలా అవుద్ది?" ఎవరి తాతా నెగ్గలేదు కాబట్టి అందరికీ నచ్చింది. పద్మనాభం తాతగారికి పుస్తకంలో లాంతరు ఇచ్చారు, జకర్యా తాతయ్యకు పడవ ఇచ్చారు. అందరూ జీవరాజు వైపు చూశారు. ముప్పైఅయిదేళ్లు పిల్లలకు చరిత్ర చెప్పిన నోరు, "మీ ఇష్టం," అంది.

పుస్తకం వచ్చింది, శాలువాలు కప్పారు. రోసమ్మకు మాత్రం జీవరాజు పుస్తకం పంపలేదు. మూడు వారాలు చూసి, ఆమె మనవరాలు ఆలిస్ ఫోన్ చేసింది. బొల్లారంలోనే పుట్టి పెరిగి, బళ్లో టీచరుగా చేస్తోంది. "సార్, అమ్మమ్మ రోజు అడుగుతుంది. పరేషాన్ అయితుంది," అంది. ఇక తప్పలేదు, పుస్తకం పట్టుకుని బొల్లారం వెళ్లాడు.

వరండాలో మంచం మీద కూర్చుని రోసమ్మ పుస్తకాన్ని రెండు చేతులా తడిమింది. "నా పేరున్న కాడ చదువు బాబూ."

జీవరాజు నలభై ఒకటో పేజీ తెరిచాడు. అక్కడ తండ్రి పేరుంది. ఆమె చదువురాని మనిషి. ఆయన నోరు దానంతట అదే పలికింది: "రోసమ్మ తాళం పగలగొట్టి గంట కొట్టింది. ఊరు బతికింది."

రోసమ్మ కళ్లు తుడుచుకుంది. "దాని కింద గీత గియ్యి. నలుగురికీ చూపించుకుంటాను."

జీవరాజు పెన్ను తీసి తన తండ్రి పేరు కింద గీత గీశాడు. అంత సిగ్గు ఆయన జన్మలో పడలేదు.

"మీ నాన్న సంగతి రాయలేదు కదా? పోన్లే. పిల్లలున్నోడు, బయపడ్డాడు. నేనూ ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు," అంది రోసమ్మ. ఇంతలో ఆలిస్ బడినుంచి వచ్చింది. "నువ్వు చదవవే, మళ్లీ వింటాను," అని పుస్తకం దాని చేతికిచ్చింది.

ఆలిస్ గీత ఉన్నచోట చూసింది. జీవరాజు వైపు చూసింది. తర్వాత గొంతు సవరించుకుని గట్టిగా చదివింది: "రోసమ్మ గంట కొట్టింది."

గేటు దాకా సాగనంపడానికి వచ్చినట్టే వచ్చి నిలదీసింది. "చదువు రాదని గిట్ల చేస్తరా సార్? ఆదివారం చర్చిల మైకుల చదవమంటది అమ్మమ్మ. ఒక్కసారి అబద్ధం చదివిన. మళ్ల నాతోని కాదు."

జీవరాజు ఇంటికి వెళ్లలేదు. తిన్నగా ప్రెస్సుకు వెళ్లి, తప్పొప్పుల పట్టిక రాసిచ్చి, శనివారానికల్లా ప్రతి పుస్తకంలోనూ అంటించాలన్నాడు. సంగతి తెలిసి జకర్యా ఫోన్ చేశాడు. "ఎలాగూ చీటీ అంటిస్తున్నారు కదండీ, మా తాతయ్యది కూడా ఒక్క లైను..."

చీటీలో ఒక్క తప్పే ఉంది.

"41వ పేజీ, 9వ పంక్తి: 'ఉపదేశి యేసురాజుగారు గంట కొట్టిరి' అన్నచోట, 'మా నాన్న గుడికి తాళము వేసుకొని పారిపోయెను; రోసమ్మగారు ఆ తాళము పగులగొట్టి గంట కొట్టిరి' అని చదువుకొనవలెను. — జీవరాజు."