చెరిపేసిన గుర్తు

“రేపు నువ్వు ఓడిపోయావనుకో, ఎల్లుండంతా మనదే!” అన్నాడు మా ఆయన మంచం మీద బోర్లా పడుకుని, బాత్రూమ్‌లో బట్టలు పిండుతున్న నా వైపు చూస్తూ.

నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. పెళ్లయి ఆరు వారాలే అయింది. అతను ఏమన్నా నాకు నవ్వొచ్చే రోజులవి. బకెట్లో నా ఆట స్కర్టులు రెండు, మేజోళ్లు, వాటితోపాటు అతని నీలం చొక్కా. “ఎలాగూ ఉతుకుతున్నావుగా ఛాంపియన్ గారూ, ఇదొక్కటీ అందులో పడెయ్యి” అని తనే తెచ్చి వేశాడు. లాడ్జీ వాళ్లకిస్తే ఒక్కో బట్టకి ఇంత అని గుంజుతారు కాబట్టి, పదేళ్లుగా ఊరూరా బాత్రూముల్లో నా బట్టలు నేనే ఉతుక్కుంటున్నాను. కానీ కర్టెన్ కమ్మీ మీద నా స్కర్టు పక్కన ఒక మగవాడి చొక్కా ఆరడం ఇదే మొదటిసారి. రెండింటి నీళ్లూ బొట్లుబొట్లుగా ఒకేచోట పడి చిన్న మడుగు కట్టాయి. ఆ మడుగుని చూసి కూడా మురిసిపోయాను. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు చూసి మురిసిపోయినట్టే. ఎవరైనా వింటే నవ్వుతారు.

ఇది మా హనీమూను. నా టోర్నమెంటు కూడా. ఊరి చివర టెన్నిస్ కోర్టులు, అక్కణ్ణుంచి పావుగంట నడిస్తే సముద్రం. “ఒక టికెట్టు మీద రెండు ఆటలు” అన్నాడు అతను. అత్తయ్య ఫోన్లో అందరికీ “పిల్లలిద్దరూ ఆడుకోవడానికి వెళ్లారు” అని చెబుతున్నారట. మామయ్యగారు బయల్దేరేముందు ఎంతో ప్రేమగా, “టీవీలో ఏ చానెల్ పెట్టుకోమంటావమ్మా?” అని అడిగారు. నేను ఆడేది టీవీలో వచ్చే టెన్నిస్ కాదని ఆయనకి ఎలా చెప్పాలో తెలియక, “ఈసారి రాదు మామయ్యా” అన్నాను. మా మ్యాచ్‌కి పదిమంది జనం వస్తే అందులో ఆరుగురు ఆడేవాళ్ల అమ్మలే. మెయిన్ డ్రా అనే అసలు పోటీలోకి వెళ్లాలంటే ముందు రెండు క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లు గెలవాలి. గెలవకపోతే చిల్లిగవ్వ రాదు. గెలిచి లోపలికి వెళితే, అక్కడ మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయినా గది అద్దె గట్టెక్కుతుంది. మూడేళ్లుగా నేను ఆ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను. తెల్లారగట్ల క్లబ్బులో పిల్లలకి ఆట నేర్పి, రాకెట్లకి తీగలు నేనే బిగించుకుని, ఊడిన బూటు అడుగుని జిగురుతో అంటించుకుని. ఇదివరకు ముగ్గురు నలుగురు అమ్మాయిలం ఒక గది తీసుకుని సర్దుకునేవాళ్లం. పెళ్లయ్యాక అది కుదరదు కదా. గది నేనే తీసుకున్నాను. అతను పడవ షికారు తన ఖాతాలో వేసుకుంటానన్నాడు. నాకు ఎంత ముచ్చటేసిందో.

మొదటి మ్యాచ్ ఆ రోజే గెలిచాను. రెండోది మర్నాడు, సబ్బుతో. సబ్బు అంటే నా పాత గది స్నేహితురాలు. ఏ లాడ్జీలో దిగినా చిన్న సబ్బులన్నీ సంచీలో వేసుకుంటుంది కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. ఎన్ని ఊళ్లలో ఒకే మంచం మీద చెరో చివరా పడుకున్నామో! పొద్దున్నే లాడ్జీ వాళ్లు పెట్టే ఉచిత టిఫినులోంచి ఉడికించిన గుడ్లు రుమాల్లో చుట్టి తెచ్చి, సగం నాకు పెట్టి, తర్వాత కోర్టులో నన్ను చితక్కొట్టేది. ఈసారి తను కింది అంతస్తులో వేరే ఇద్దరితో ఉంది. ఆ గదిలోంచి నవ్వులు మా గదిలోకి వినిపించాయి. చార్జర్ కోసం కొట్టుకుంటున్నట్టున్నారు. మొగుడు పక్కనుండగా నాకు ఆ గదిలో ఉండాలనిపించింది. వెంటనే సిగ్గేసి, అతని చొక్కా కాలరు ఇంకోసారి రుద్దాను.

“మీకు అంపైరు ఉండడా?” అని అడిగాడతను.

“క్వాలిఫైయింగ్‌లో ఉండరు. నాలుగు కోర్టులకీ కలిపి ఒక్కావిడ తిరుగుతూ ఉంటుంది. మన వైపు పడ్డ బంతి లోపలో బయటో మనమే చెప్పాలి. బయటైతే వేలెత్తాలి.”

“అంటే అబద్ధం చెప్పేయొచ్చన్నమాట!”

“మట్టి కోర్టు కదా, బంతి పడ్డచోట గుర్తు పడుతుంది. ఎదుటావిడ చూపించమంటే చూపించాలి. అనుమానమొస్తే బంతి ఎదుటివాళ్లదే. గుర్తుని కాలితో చెరిపేస్తే బంతి లోపలే పడిందని ఒప్పేసుకున్నట్టే.”

“భలే ఉందే మీ న్యాయం” అని, దిండు కింద నుంచి రెండు కాగితాలు తీసి నా మొహం ముందు ఊపాడు. పడవ టికెట్లు. ఎల్లుండి పొద్దున్న తొమ్మిదిన్నరకి. ఒక దీవికి తీసుకెళ్లి సాయంత్రానికి తెస్తారట. రెండు గడ్డి టోపీలు కూడా కొన్నాడు. నాదానికి ఎర్ర రిబ్బను. తడి చేతులతోనే టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని గంతులేశాను. గంతులేస్తూనే, ఎల్లుండి పొద్దున్నే మెయిన్ డ్రా మొదలవుతుందని గుర్తొచ్చింది.

“రేపు గెలిస్తేనో?”

“గెలిస్తే చూద్దాంలే” అన్నాడు, నా ముక్కు పట్టి లాగుతూ.

*

మ్యాచ్ పదింటికి మొదలైంది. కొత్త బంతుల డబ్బా మూత లాగగానే వచ్చే ఆ బుస్సుమనే చప్పుడు, ఆ రబ్బరు వాసన నాకు చాలా ఇష్టం. చిన్నప్పటి నుంచి అది విన్న ప్రతిసారీ ఇవాళ ఏదో మంచి జరుగుతుందనిపిస్తుంది. మొదటి సెట్టు సబ్బుది, రెండోది నాది. మూడో సెట్టు బదులు టైబ్రేక్. రెండు తేడాతో ముందుగా పది చేరినవాళ్లు గెలిచినట్టు. నేను తొమ్మిది, తను ఎనిమిది. ఒక్క పాయింటు.

తను గట్టిగా లాగి కొట్టింది. బంతి నా వెనక గీత దాటి పడింది. నేను చూశాను. గుర్తుకీ గీతకీ మధ్య రెండు వేళ్ల ఎడం, ఎర్రమట్టి మీద స్పష్టంగా, కోడిగుడ్డంత అచ్చు. వేలెత్తితే చాలు. మూడేళ్ల తర్వాత లోపలికి వెళ్లిపోతాను. అప్పుడు, ఎందుకో తెలీదు, తలెత్తి మెట్ల వైపు చూశాను. మా ఆయన టోపీ పెట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు. నా టోపీ పక్క కుర్చీలో, నా కోసం స్థలం ఆపినట్టు, బుద్ధిగా కూర్చుని ఉంది. రిబ్బను గాలికి ఎగురుతోంది.

నా వేలు లేవలేదు. కాలు కదిలింది. బూటుతో ఆ గుర్తుని అటూ ఇటూ రాసి చెరిపేశాను.

తొమ్మిది, తొమ్మిది. తను గెలిచిన తర్వాతి రెండు బంతులూ నాకు సరిగ్గా గుర్తు కూడా లేవు.

ఎండ కళ్లలో పడిందని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. ఆరు వారాలుగా అత్తగారింట్లో నేను చేస్తున్న పనే అక్కడా చేశాను. ప్రాక్టీసుకి బయల్దేరుతుంటే “అయ్యో, ఇప్పుడే వెళ్లాలా, చుట్టాలొస్తున్నారు” అంటే, నిజమే కదా అనుకుని బూట్లు విప్పాను. “ఎండలో తిరిగి తిరిగి పెళ్లి ఫొటోల్లో చూడు, మెడ ఒక రంగు, మొహం ఒక రంగు” అంటే అందరితోపాటు నేనూ నవ్వాను. “ఆటేగా, ఆఫీసు కాదుగా, సెలవు పెట్టక్కర్లేదు” అంటే, ఆ మాటలో ఏదో గీత బయట పడిందని అనిపించినా, మంచివాళ్లు, ప్రేమగా అన్నారు, నేనే సరిగ్గా చూడలేదేమో అనుకున్నాను. అనుమానం వచ్చిన ప్రతిదీ ఎదుటివాళ్లకే ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ అందరూ సంతోషించారు, నాకూ హాయిగానే ఉండేది. అలా అలవాటైపోయి, అనుమానమే లేని బంతిని కూడా ఇచ్చేశాను.

నెట్ దగ్గర సబ్బు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“గుర్తు ఎందుకు చెరిపావే?”

“గీత మీద పడింది.”

“నోర్ముయ్. నా బంతి ఎక్కడ పడుతుందో నాకు తెలీదా? కొట్టగానే నన్ను నేను తిట్టుకున్నాను.” తన కళ్లు ఎర్రగా ఉన్నాయి. “చార్జీల్లేక నేను నీ పెళ్లికి రాలేదు, ఏ కానుకా ఇవ్వలేదు. ఇప్పుడు నువ్వు నాకిస్తున్నావా? నా ఆట మీద నీకంత జాలా?”

“అది కాదే...”

“ఏది కాదు?” చెయ్యి విదిలించి రెండడుగులు వేసి, మళ్లీ తిరిగింది. “రేపు ఎనిమిదిన్నర లోపల వచ్చి లక్కీ లూజర్ కాగితం మీద సంతకం పెట్టు. ఎవత్తెకో ఒకత్తెకి మోకాలు పట్టేయకపోదు.”

చివరి క్వాలిఫైయింగ్‌లో ఓడినవాళ్లకి మిగిలిన సన్నని దారి అది. మెయిన్ డ్రాలో ఎవరైనా ఆఖరి నిమిషంలో తప్పుకుంటే, సంతకం పెట్టినవాళ్లలోంచి ఒకరిని తీసుకుంటారు. మనిషి అక్కడే, రాకెట్టుతో సిద్ధంగా ఉండాలి. ఎవరూ తప్పుకోకపోతే సాయంత్రం దాకా కూర్చుని లేచి రావడమే.

మా ఆయన పరిగెత్తుకొచ్చి నా సంచీ భుజాన వేసుకున్నాడు. ఎప్పటిలాగే తలకిందులుగా. “పోన్లే బంగారం, భలే ఆడావు! మన పడవ బతికిపోయింది” అని టోపీ నా తల మీద పెట్టాడు. నేను వెనక్కి తిరిగి ఆ చోటు చూశాను. కోర్టు ఊడ్చే పెద్దాయన వల లాక్కుంటూ వెళ్తున్నాడు. ఎర్రమట్టి అంతా ఒకేలా, నున్నగా ఉంది.

అత్తయ్య ఫోను చేశారు. “ఓడిపోయావటగా అమ్మాయ్. ఏం బాధపడకు, మంచిదే, వాడికీ కాస్త తిరిగినట్టుంటుంది.”

సాయంత్రం గదిలో అతను పడవ టికెట్లు బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. ఊరికే తిరగేశాను. కొన్న తేదీ వెనక వేసి ఉంది. అతను తల తుడుచుకుంటూ రాగానే అడిగాను.

“ఇవి పెళ్లికి ముందే కొన్నావా?”

“మరి! నువ్వు టోర్నమెంటుకి పేరిచ్చిన రోజే. ముందు కొంటే సగం ధర” అన్నాడు గర్వంగా. “తెలివి చూశావా?”

“నేను ఇవాళ గెలిచి ఉంటే?”

తువ్వాలు ఆగింది. అతను అబద్ధం ఆడే మనిషి కాదు. అందుకే చేసుకున్నాను. “నీ స్కోర్లన్నీ చూశాను కదా. మూడేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. అందుకే ధైర్యంగా కొన్నాను” అన్నాడు. తర్వాత, నా మొహం చూసి, “అయినా నువ్వు గెలిస్తే నాకంటే సంతోషించేవాడు ఎవడుంటాడు చెప్పు?” అన్నాడు.

పెళ్లికి ముందు ఒకరోజు ఫోన్లో అతను నా స్కోర్లన్నీ ఒక్కొక్కటీ చెప్పాడు. ఏ ఏడు, ఏ ఊరు, ఎవరితో, ఎంత తేడాతో. మా అమ్మక్కూడా అవి తెలీవు. నా కోసం ఒక మనిషి అన్ని పేజీలు చదివాడని ఆ రోజంతా నేల మీద నడవలేదు. అతను చదివింది ఇందుకని అనను. ప్రేమగానే చదివాడు. చదివి, ప్రేమగానే, నేను ఓడిపోతానని తేల్చుకుని టోపీ కొన్నాడు.

*

పొద్దున్న అతను ఈల వేసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు. నేను కమ్మీ మీది స్కర్టు తీసి కట్టుకున్నాను. నీలం చొక్కా కూడా తీసి, మడతపెట్టి, అతని పెట్టెలో పెట్టాను.

“పడవలోకి ఆ స్కర్టా?”

“సంతకం పెట్టడానికి వెళ్తున్నాను.”

లక్కీ లూజర్ కాగితం సంగతి చెప్పాను. అతను నురగ మొహంతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎవరైనా తప్పుకున్నారా?”

“ఇంకా లేదు.”

“మరి? ఎవరికో కాలు బెణుకుతుందని సాయంత్రం దాకా ఎండలో కూర్చుంటావా? మన హనీమూను రా ఇది!”

“అవును” అన్నాను. గొంతు నాకే కొత్తగా ఉంది. “నువ్వు వెళ్లిరా. నిజంగానే. దీవి చూసి నాకు చెప్పు.”

“ఒక్కడినా?”

ఆ ఒక్క మాటకి నా కాళ్లు ఆగిపోయాయి. ఒక్కడు ఎలా వెళ్తాడు, నేను ఎంత కఠినంగా ఉన్నాను అని. ఒక్కదాన్నే తిరిగిన ఊళ్లన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. అతని చెంప మీద నురగ లేనిచోట ముద్దుపెట్టి మెట్లు దిగాను. టోపీ బల్ల మీదే ఉంది.

రిఫరీ ఆవిడ కాగితం నా ముందుకి జరిపింది. “ఇప్పటిదాకా ఎవరూ తప్పుకోలేదమ్మా” అంది, ముందే సారీ చెబుతున్నట్టు.

“తెలుసండీ. కూర్చుంటాను.”

పక్క కోర్టులో సబ్బు కాళ్లూ చేతులూ ఊపుతూ వేడెక్కుతోంది. నన్ను చూసింది, నవ్వలేదు. కాసేపటికి వచ్చి, రుమాల్లో చుట్టిన ఉడికించిన గుడ్డు నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుని అది ఒలుచుకున్నాను. ఎవరో కొత్త బంతుల డబ్బా తెరిచారు. బుస్సుమంది. పిచ్చిమనసు, అప్పుడు కూడా సంతోషపడింది.

ఫోను మోగింది. వెనక ఇంజను చప్పుడు, జనం కేకలు.

“పడవ ఇంకో పది నిమిషాల్లో కదులుతుంది. పరిగెత్తితే అందుకుంటావు. వస్తున్నావా?”

“నిన్న ఆ బంతి బయట పడింది” అన్నాను.

“ఏ బంతి?”

“నేను గెలిచిన బంతి.”