దొంగ సీడీ వద్దన్న మేడం

స్కాలర్‌షిప్ పరీక్షకు పిల్లల పేర్లు ఈసారి కంప్యూటర్లోనే ఎక్కించి పంపాలంటూ జ్ఞానజ్యోతి ట్రస్టు వాళ్లు అన్ని స్కూళ్లకూ ఒక సీడీ పంపారు. అది 2006. తిరువూరులో ఒక చిన్న బడిలో లెక్కలూ కంప్యూటరూ రెండూ చెప్పే శర్వాణి దాన్ని పెట్టి చూసింది. అది విండోస్‌లో తప్ప నడవదట. బడిలో ఉన్నవేమో విండోస్ బదులు లినక్స్‌తో నడిచే కంప్యూటర్లు. విండోస్ కొనే స్తోమత లేక, ఊరికే దొరికేదీ దొంగతనం కానిదీ ఇదేనని ఆమే ఏరికోరి వేయించింది.

అయినా ఊరుకోలేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ అనేదొకటి ఉందని తెలిసి, ఇంటర్నెట్ సెంటర్లో డౌన్‌లోడ్ చేసుకొచ్చింది.

"వైనా?" అన్నారు హెడ్‌మాస్టరు సోమయాజులుగారు కళ్లజోడు సవరించుకుంటూ.

"పేరు మాత్రమేనండి."

ట్రస్టు ప్రోగ్రాము తెరుచుకుంది. వినగడప నుంచీ ఎ.కొండూరు నుంచీ వచ్చే పిల్లల పేర్లన్నీ ఓపిగ్గా ఎక్కించింది. తీరా సేవ్ నొక్కగానే మొత్తం మూసుకుపోయింది. మళ్లీ ఎక్కించింది. మళ్లీ అంతే. ఒకే కంప్యూటర్లో లినక్సూ విండోసూ రెండూ పెట్టుకోవచ్చు. లినక్స్ లోపలే ఇంకో కంప్యూటరున్నట్టు భ్రమ కల్పించి, అందులో విండోస్ వేసుకోనూవచ్చు. కానీ ఆ రెండింటికీ ముందు విండోస్ కొనాలి.

బస్టాండు దగ్గరున్న ట్రస్టు ఆఫీసుకు వెళ్లింది. అక్కడి ఇన్‌చార్జి జగన్నాథరావు అంతా విని నవ్వాడు.

"దీనికింత ఆలోచనెందుకు మేడం? ఎవరి దగ్గరన్నా విండోస్ సీడీ తెచ్చి వేసేసుకోండి. ఊళ్లో అందరూ చేసేదే."

"దొంగ కాపీ వేసుకోమంటున్నారా?"

"అంత మాటెందుకండి. ఎవరొచ్చి చూస్తారు?"

"మీ పరీక్షలో మా పిల్లాడు పక్కవాడి పేపర్లోకి తొంగిచూస్తే ఏం చేస్తారు?"

"బయటికి పంపిస్తాం."

"అందరూ చేసేదేనండి అని వాడూ అంటే?"

ఆయన నవ్వు ఆగిపోయింది.

"పోనీ కాగితం మీద రాసిస్తాను, తీసుకోండి."

"కుదరదండి. రేపటితో గడువు సరి."

శర్వాణికి ఒళ్లు మండిపోయింది. తను తప్పు చేయనన్నందుకు పిల్లలకా శిక్ష?

మర్నాడు ఆఫీసు తలుపులు తీసేసరికి అక్కడుంది. తిన్నగా వెళ్లి జగన్నాథరావు కంప్యూటరు ముందు కూర్చుంది.

"మేడం, అది నా సీటు."

"తెలుసండి. దొంగ కాపీ లేకుండా మీ ప్రోగ్రాము నడిచే కంప్యూటరు ఇదొక్కటే నాకు తెలిసింది. పనయ్యేదాకా లేవను. లేవమంటారా, మా పిల్లల అమ్మానాన్నల్ని పిలిపిస్తాను. ఆ దొంగ సీడీ సంగతి వాళ్లెదురుగా చెప్పండి."

ఆయన పనుల మీద వచ్చి వాకిట్లో నిలబడ్డవాళ్ల వంక చూశాడు. పక్క కుర్చీ లాక్కున్నాడు. శర్వాణి ఒక్కో పేరూ సరిచూసుకుంటూ ఎక్కించి మధ్యాహ్నానికి లేచింది.

"ఇప్పుడు సంతోషమేనా?" అన్నాడు.

"ఎందుకండి సంతోషం? మాలాంటి స్కూళ్ల గతేంటో మీ పైవాళ్లని అడుగుతాను."

అడుగుతూ ఉత్తరం రాసింది. సోమయాజులుగారు వెంటనే సంతకం పెట్టారు. జవాబు రాలేదు. పిల్లలు మాత్రం పరీక్ష రాశారు.

మరుసటేడు కాగితం మీద రాసినవీ తీసుకుంటామని ట్రస్టు ప్రకటించింది. కిందటేడు ఎందుకు కుదరలేదో అందులో లేదు. గెలిచామన్నారు తోటి టీచర్లు. శర్వాణికి మాత్రం అది చదివిన కొద్దీ కోపమే వచ్చింది.