లక్ష్మీనర్సమ్మ కుట్లు

మా ఆవిడ లక్ష్మీనర్సమ్మకు కామారెడ్డిలో గర్భసంచి ఆపరేషన్ బాగానే అయింది. చెడిపోయింది ఆ తర్వాతే. మా వైపు ఆపరేషనైన మనిషిని పలకరించడానికి వస్తే ఊరికే పలకరించి పోరు. మంచం మీద కూర్చుంటారు. "కుట్లు చూపియ్యవే" అంటారు. పట్టీ అంచు లేపి తొంగి చూస్తారు. చూడకపోతే ప్రేమ లేనట్టు. ఎల్లారెడ్డి నుంచి ఆటో నిండా వచ్చిన చుట్టాలంతా అలాగే ప్రేమ చూపించి పోయారు. ఆమెకేమో షుగరు. కుట్ల దగ్గర చీము పట్టింది.

డాక్టరమ్మ కుట్లు విప్పి, కడిగి, మళ్లీ వేసింది. ఈసారి కూడా చీము పడితే హైదరాబాద్ పంపక తప్పదంది. ఆ మాటకు నాకు అన్నం సహించలేదు.

నర్సు అర్షియా నన్ను వార్డు తలుపు దగ్గర నిలబెట్టింది.

"తాతా, లోపటికి ఒక్కరే రావాలె. అది గూడ సబ్బుతోని చేతులు కడిగినంకనే. పట్టీ ఎవ్వరు ముట్టొద్దు. ఆపుడు నీ పని."

"ఆపుతా బిడ్డా. ఎంకవ్వనెట్ల ఆపాలె?"

"ఎంకవ్వ ఎవరు?"

"రానీ, నీకే తెలుస్తది."

ఎంకవ్వ మా ఆవిడకు అక్క. మరుసటి పొద్దున నస్రుల్లాబాద్ నుంచి నలుగురిని వెంటేసుకుని దిగింది. చేతిలో అరటిపండ్లు, కొంగుకు పసుపు ముడి.

"జరుగు మర్దీ. చెల్లె కుట్లకు ఇంత పసుపు అద్దాలె."

"లోపటికి పోవద్దంటున్నరు వదినె."

"ఎవరంటున్నరు? సొంత అక్కను నేను! వాకిలి దాక వచ్చి మర్లిపోయిందని రేపు అదే అనదా?"

అంటుంది. అలాంటి మాట మా ఇండ్లల్లో ఏండ్ల తరబడి నిలుస్తుంది. చేయి అడ్డం పెడితే ఇంకో గొడవ. ఏం చేయాలో తోచక తలుపు ముందున్న బల్ల మీద కాళ్లు చాపి పడుకున్నాను.

"ఏందిది మర్దీ?"

"మీ చెల్లె తరఫున నేను పండుకున్న. ఏమడగాలన్నా నన్నే అడుగు. పండ్లు గిటు పెట్టు."

వెంట వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. ఎంకవ్వ నవ్వలేదు. నా తల దగ్గర కూర్చుని నిజంగానే మొదలుపెట్టింది.

"బువ్వ తింటున్నవా?"

"జావ తాగుతున్న."

"నొస్తుందా?"

"దగ్గితే గుంజుతది."

"నిద్ర పడుతుందా?"

"మా ఆయన గురకకు యాడ పడుతది అక్కా!"

ఈసారి ఎంకవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే నా అంగీ అంచు పట్టుకుంది.

"అయితే కుట్లు చూపియ్యి!"

నేను దిగ్గున లేచి కూర్చున్నాను. లోపలి నుంచి అర్షియా నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వొక్కదానివి రా. ముందుగాల చేతులు. పసుపు బయటనే."

ఎంకవ్వ కొంగు ముడి విప్పి పసుపు నా చేతిలో పెట్టింది. అర్షియా చూపినట్టు వేళ్ల సందులు, గోళ్లు, మణికట్టు, పెండ్లిపిల్లకు నలుగు పెట్టినంత శ్రద్ధగా రుద్దుకుంది. లోపల మంచానికి దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెల్లెలితో మాట్లాడింది. వెళ్తూ వెళ్తూ మిగతా నలుగురినీ ఆమే గదిమింది: "మీరేం జూస్తరు, నేను జూసిన కదా! నడువుండ్రి."

ఆ తర్వాత ఎవరొచ్చినా నేను బల్ల మీద పడుకుని పలకరింపులు తీసుకున్నాను.

చివరికి డాక్టరమ్మ పట్టీ విప్పింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఆరిపోయినయ్. ఇంటికి తీస్కపో తాతా" అంది.

గోడకు ఆనుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను. మంచం మీద నుంచి లక్ష్మీనర్సమ్మ నన్ను చూసి అర్షియాతో అంది:

"బిడ్డా, నన్ను తర్వాత లేపుదువు గాని. ముందు ఆ పేషెంటును లేపు."