ఇరవై నాలుగు వస్తువులు ఉచితం

కన్యాకుమారి పులుసు కోసం చింతపండు పిసుకుతూ ఉండగా మురళీమోహన్ వంటింట్లోకి వచ్చి ఆమె ముఖం ముందు ఫోను పెట్టాడు.

"ఇదిగో, ఇది ఆర్డరెట్టీ. ఈ రేటు సాయంత్రం దాకానే ఉంటాదట."

ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయా లేవా అని చూసే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. గుజ్జు చేతులతోనే మెడ వంచి చూసింది. ఫోనులో ఒక కెమెరా, పెళ్లికూతురి చుట్టూ చేరిన పేరంటాళ్లలా దాని చుట్టూ బోలెడన్ని చిన్నాచితకా సామాన్లు. ‘కెమెరాతో ఇరవై నాలుగు వస్తువులు ఉచితం’ అని ఎర్రక్షరాలు. వాటి కింద ఒక గడియారం, టైము అయిపోతోందని తొందరపెడుతోంది.

"అమ్మేది ఎవులు బావా?"

"ఎవులైతే మనకేటి? కెమెరా కంపెనీదే గదా. నువ్వేటీ సూడక్కర్లేదు, బటన్ నొక్కీ సాలు."

బటన్ నొక్కడం. గ్యాసు బుక్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం, అత్తగారి బీపీ మాత్రలు తెప్పించడం, స్టూడియోకి వచ్చిన ఒక్కో పెళ్లిలో మూడు వేల ఫొటోల్లోంచి రెండు వందలు ఏరడం, నల్లబడిన ముఖాలకి వెలుగు పెట్టడం, తాళి కట్టే వేళ వెనకాల నిలబడి ఆవులించిన మేనమామని మాయం చేయడం, అన్నీ కలిపి నలభై పేజీల ఆల్బంగా కూర్చడం. మురళీమోహన్ దృష్టిలో ఇవన్నీ బటన్ నొక్కడాలే.

అరసవల్లిలో గుడికి పోయే రోడ్డు మీద వాళ్ల ఇల్లు. ముందు గది స్టూడియో, వెనక కాపురం. ఆ రెంటికీ మధ్య కిటికీ లేని గదిలో కన్యాకుమారి కంప్యూటరు. పద్నాలుగేళ్లుగా అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చి ఒక పేజీ, పప్పు ఉడికేలోగా ఇంకో పేజీ. ఆదివారం వస్తే దర్శనానికి వచ్చిన వాళ్లంతా పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలకి దిగుతారు, ఆమెకి మధ్యాహ్నం అన్నం మూడింటికి. "మురళీ గారి ఆల్బం అంటే అలగుంటాది" అని ముందు గదిలో జనం మెచ్చుకుంటుంటే తలుపు వెనక నుంచి వినేది. మొదట్లో సంతోషం వేసేది. తర్వాత కోపం వచ్చేది. ఆ తర్వాత ఏమీ అనిపించడం మానేసింది, అదే ఆమెని భయపెట్టింది.

అత్త జగ్గమ్మ ఆమెకి స్వయానా మేనత్త, తండ్రికి చెల్లెలు. మేనత్త ఇంటికే కోడలుగా వెళ్తే సుఖపడతావన్నారు అందరూ. జగ్గమ్మ మనిషి చెడ్డది కాదు గానీ నోటికి అడ్డూ ఆపూ లేదు. "పొద్దస్తమానం ఆ టీవీ ముందర కూకుంటావు, పనేటి సేస్తన్నావే?" అంటుంది. అది టీవీ కాదని చెప్పి చెప్పి కన్యాకుమారి ఊరుకుంది.

కెమెరా సంగతిలో మాత్రం ఊరుకుంటే కుదరదు. పోయిన నెల నరసన్నపేటలో తలంబ్రాల వేళ పాత కెమెరా షట్టరు పట్టేసింది. ముందు తీసిన రెండు ఫొటోలు అతికించి, లేని తలంబ్రాలు పోసి, పెళ్లివారికి తెలియకుండా కన్యాకుమారే గట్టెక్కించింది. పన్నెండు రోజుల్లో బొబ్బిలిలో పెద్ద పెళ్లి ఉంది. చేతిలో ఉన్న సొమ్ము ఒక్క కెమెరాకే సరిపోతుంది. అది తేడా వచ్చిందంటే ఈ సీజన్ నీళ్లలో పోసినట్టే. తప్పు ఎవరి మీద పడుతుందో కూడా ఆమెకి తెలుసు: బటన్ నొక్కిన వాళ్ల మీద.

వంట అయ్యాక, గిన్నెలు కడిగాక, చేతులు తుడుచుకుని ఆ ఇరవై నాలుగింటినీ ఒక్కొక్కటిగా చదివింది. బ్యాటరీ ఒకటి, ఛార్జరు ఒకటి, మెడకి వేసుకునే పట్టీ ఒకటి. కంపెనీ వాడు ఎలాగూ పెట్టెలో పెట్టి ఇచ్చేవే ఈ మూడూ. చిన్న లెన్సు కూడా అంతే, పెట్టెలోంచి బయటికి తీసి ఉచితం కింద రాశారు. తుడుచుకునే గుడ్డ ఒకటి, బ్రష్షు ఒకటి, గాలి కొట్టే బుడ్డి ఒకటి, ఆ మూడూ పెట్టుకునే సంచీ నాలుగోది. ‘వైడ్ లెన్సు’ అని రాసింది లెన్సే కాదు, ముందు బిగించే గాజుబిళ్ల. ట్రైపాడ్ అయితే సెల్‌ఫోను బరువుకే వంగేలా ఉంది. గ్యారంటీ దగ్గరికి వచ్చేసరికి కంపెనీ పేరు లేదు, ‘అమ్మకందారు వారంటీ’ అని చిన్నక్షరాలు. మెచ్చుకోళ్లన్నీ ఒకే వారంలో పడ్డాయి. ఒకడైతే, ఫోను కవరు చాలా బాగుందని రాశాడు. పైన పటారం, లోన లొటారం.

ఆమెకి నాయనమ్మ గుర్తొచ్చింది. పేరు తాతమ్మ. పాతపట్నం సంతలో చింతపండు కొనేది. కొట్టు తాతయ్య పేరు మీద ఉండేది గానీ, పండు చూసి రేటు చెప్పేది తాతమ్మే. పక్కన చిన్న కన్యాకుమారి. పైన నాలుగు మంచి పళ్లు పెట్టి అడుగున పిక్కలూ ఈనెలూ కుక్కే దళారులు వచ్చేవారు. బరువు తూగడానికి ఉప్పునీళ్లు చిలకరించి తెచ్చేవారు. తాతమ్మ మాట్లాడకుండా బుట్ట అడుగుదాకా చెయ్యి పోనిచ్చేది. కొత్తవాడైతే చివర్న ఒక్క ప్రశ్న అడిగేది: "వచ్చే సంతకి ఎక్కడ కూకుంటావు?"

నిజమైనవాడు వెంటనే చెప్పేవాడు, "అదిగో, కల్లుప్పు బస్తాల పక్కన, ఎప్పుడూ ఆడే" అని. మోసగాడు నవ్వేవాడు, "సంతలో సోటుకేటి లోటమ్మా!" అని. తాతమ్మ వాడి బుట్ట వెనక్కి నెట్టేసేది. మంచి పండు ఉన్నా సరే నెట్టేసేది. "పండుకేటే, రేపు తేడా వస్తే ఎవుడి మొకం సూస్తాం?" అనేది.

కన్యాకుమారి ఆ అమ్మకందారుకి ఫోను చేసింది. అవతలి కుర్రవాడు చాలా మర్యాదగా, "మేడం, సార్ ఉంటే సార్‌కి ఇవ్వండి, టెక్నికల్ విషయాలు కదా" అన్నాడు.

"సార్ పనిలో ఉన్నారు. నాకే సెప్పండి. కంపెనీ సీలుతో వస్తాదా పెట్టె?"

"టెస్టింగ్ కోసం ఓపెన్ చేస్తాం మేడం."

"బిల్లు మీద కెమెరా నంబరు రాసి ఇస్తారా?"

"ఇరవై నాలుగు ఐటమ్స్ వస్తున్నాయి కదా మేడం, ఇంకా డౌటేంటి?"

"రేపు చెడిపోతే ఎక్కడికి తేవాలి?"

"మెయిల్ పెట్టండి మేడం, మా టీం చూసుకుంటుంది."

సంతలో చోటుకేం లోటు అనుకుని ఫోను పెట్టేసింది.

అదే కెమెరా అమ్మే వాళ్లు ఇంకా పదిమంది ఉన్నారు. వాళ్లలో విజయనగరం కొట్టు ఒకటి కనబడింది. మెచ్చుకోళ్లు ఏడెనిమిదేళ్ల నాటివి కూడా ఉన్నాయి, మధ్యలో తిట్లూ ఉన్నాయి. ఎవరో ఫ్లాషు పగిలి వచ్చిందని దులిపేశాడు. దాని కింద కొట్టువాడు ‘తీసుకురండి, మార్చి ఇస్తాం’ అని రాశాడు. వారం తర్వాత ఆ తిట్టినవాడే ‘మార్చారు’ అని ముక్తసరిగా రాశాడు. తిట్టు ఒక్కటీ లేని కొట్టు కన్నా ఈ కొట్టే నయమనిపించింది ఆమెకి. కంపెనీ డీలర్ల జాబితాలోనూ పేరు చూసి, అప్పుడు ఫోను చేసింది. ఎత్తినాయన భీమశంకరరావట, కొట్టు ఆయనదే.

"ఫ్రీలేటీ ఇవ్వలేనమ్మా" అన్నాడు మొదటే. "సీలు మీ ముందరే ఇప్పుతాను. బిల్లు మీద నంబరేసి, కంపెనీ గ్యారంటీ కార్డు ఇస్తాను. తేడా వస్తే నా దగ్గరికే తెండి. పద్దెనిమిదేళ్లబట్టి ఇదే కొట్లో కూకున్నాను, ఎక్కడికీ పోను."

ఆయన సార్‌కి ఇమ్మనలేదు. ఏ లెన్సుతో తీస్తారమ్మా, మండపాల్లో వెలుతురు ఎలా ఉంటుంది, అని ఆమెనే అడిగాడు. ఎన్నాళ్లకో ఎవరో ఆమెని పని తెలిసిన మనిషిలా అడిగారు. ఆ సంతోషం సాయంత్రం దాకా నిలిచింది.

సాయంత్రం టిఫిను దగ్గర మురళీమోహన్‌కి చెప్పింది. బ్యాటరీ నుంచి గాజుబిళ్ల దాకా ఒక్కొక్కటీ చెప్పింది, విజయనగరం కొట్టు సంగతీ దాని రేటూ చెప్పింది. అతను వింటూనే చట్నీ వేయించుకున్నాడు.

"అంటే ఇంకా ఎక్కువెట్టి, ఒట్టి కెమెరా కొనాలా? సంచీ కూడా లేకండానా?" అన్నాడు. "ఆడోళ్లకి బేరం ఒగ్గితే ఇలగే ఉంటాది."

"ఆ ఇరవై నాలుగులో మనకి పనికొచ్చేది ఒక్కటీ లేదు బావా."

"పనికిరాపోతే పక్కనెట్టీ. ఫ్రీగా వస్తన్నదానికి లెక్కేటే?"

కన్యాకుమారి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అప్పటికి ఆమెకీ తెలియలేదు. పెనం మీద అట్టు మాడువాసన వచ్చాక తిప్పింది.

అప్పటిదాకా గుమ్మం దగ్గర చాటలో చింతపండు పిక్కలు తీస్తున్న జగ్గమ్మ తలెత్తింది. "ఒరే, ఆడికి ఫోను సెయ్యి. తేడా వస్తే ఎక్కడికి తేవాలో నువ్వే అడుగు."

"నీకేటి తెలుసే అమ్మా!"

"అడగరా. మొగోడివి గదా, నీకు సెప్తాడేమో."

మురళీమోహన్ ఇద్దరికీ బుద్ధి చెప్పాలన్నట్టు స్పీకరు పెట్టి మరీ చేశాడు. సార్ సార్ అని నాలుగు నిమిషాలు ఊదరగొట్టాడు అవతలివాడు. కొట్టు ఎక్కడ బాబూ, మనిషిని పంపుతాను అని ఇతను అనేసరికి లైను కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మురళీమోహన్ ఫోను వైపూ, గోడ వైపూ చూసి, "సిగ్నలు లేనట్టున్నాది" అన్నాడు. జగ్గమ్మ చాట వైపు తిరిగి పిక్కలు తీసుకుంది.

మూడో రోజు విజయనగరం వెళ్లి కెమెరా తెచ్చాడు. వెళ్లింది అతనొక్కడే, కన్యాకుమారికి ఇంట్లో పని ఉందని అతనే నిర్ణయించాడు. ఆ సాయంత్రం పక్క పూజాసామాన్ల కొట్టు నాగబాబుతో ముందు గదిలో చెబుతున్నాడు. "ఒక్కటే కొచ్చెన్ అడిగినాను నాగబాబూ. కొట్టెక్కడరా అన్నాను. పెట్టీసినాడు ఫోను! ఈ ఫ్రీలకి పడిపోతే ఎలగ? ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారు మన జనం."

తలుపు వెనక కన్యాకుమారికి నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది గానీ, దాన్ని బయటికి రానివ్వలేదు.

అప్పుడే అతను కేకేశాడు. "కన్యా, సీజనుకి పాంప్లెట్ మార్చాల. పాతదాంట్లో కొత్త కెమెరా బొమ్మెట్టీ, సాలు. ఈరోజే ప్రెస్సుకి పంపీ."

కంప్యూటరు ముందు కూర్చుని పాత పాంప్లెట్ తెరిచింది. ప్రతి ఏడూ ఆమె చేసేదే. ‘మురళీ ఫొటో స్టూడియో, అరసవల్లి. పెళ్లి ప్యాకేజీ.’ కెమెరా బొమ్మ మార్చింది. అక్కడితో పని అయిపోయింది. కానీ మూడు రోజులుగా ఉచితాలు చదివి చదివి కన్ను దానికి అలవాటు పడింది, కిందికి పోయింది.

పెన్‌డ్రైవ్ ఉచితం. గోడ కేలెండరు ఉచితం. ఫ్రేము కట్టిన పెద్ద ఫొటో ఉచితం. ఆల్బం డిజైన్ ఉచితం.

పెన్‌డ్రైవ్ ఊరికే రాలేదు, కొట్లో కొంటాడు. కేలెండరుకి ప్రెస్సువాడికి ఇస్తాడు. ఫ్రేముకి వడ్రంగికి ఇస్తాడు. వాటి ధర ప్యాకేజీలో ఎక్కడో కలిసే ఉంది. ఆ నాలుగింటిలో ఎవరికీ ఏమీ ఇవ్వకుండా నిజంగా ఉచితంగా వస్తున్నది ఒక్కటే. కళ్లు మంటలెత్తే పద్నాలుగేళ్లు, చల్లారిన అన్నాలు, మాయం చేసిన మేనమామలు, పోసిన తలంబ్రాలు. ఫ్రీగా వస్తన్నదానికి లెక్కేటే? ఆ ఉచితం అన్న మాటకి పసుపురంగు వేసి, మెరుపు పెట్టి, ప్రతి ఏడూ అచ్చుకి పంపింది వేరే ఎవరో కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆమె అడగకపోవడమే కాదు, అడగనని అందంగా అచ్చేయించింది కూడా.

కోపం రాలేదు. బుట్ట అడుగుదాకా చెయ్యి పోనిచ్చినప్పుడు తాతమ్మ ముఖం ఎలా ఉండేదో అలా ఉండి ఉంటుంది ఆమె ముఖం. ఆ వరస చెరిపింది. దాని చోట కొత్తగా కొట్టింది: ‘ఆల్బం డిజైన్: కన్యాకుమారి. డిజైన్ ఛార్జీ విడిగా ఆమెకే.’ కింద తన ఫోను నంబరు. అక్షరాలు స్టూడియో పేరంత పెద్దవి కావు, మరీ చిన్నవీ కావు. ప్రెస్సుకి పంపింది. బటన్ నొక్కితే సరిపోయింది.

రెండు రోజుల తర్వాత పాంప్లెట్ల కట్ట విప్పి, ఒక కాగితం తీసి, కొత్త వరస మీద వేలు పెట్టుకుని మురళీమోహన్ వంటింట్లోకి వచ్చాడు. ఆమె చింతపండు నానబెడుతోంది. జగ్గమ్మ పక్కనే పిక్కలు తీస్తోంది.

"ఇదేటే? ఇన్నాళ్లూ ఫ్రీయే గదా?"

"ఇన్నాళ్లూ ఫ్రీయే" అంది కన్యాకుమారి.

"సర్లే, ఛార్జీ అంటే ఏదో అనుకుందాం. పేరు, ఫోను నంబరు కూడానా? అవెందుకు నీకు?"

ఆమె నీళ్లలో చెయ్యి తీయకుండానే చెప్పింది. "వచ్చే సంతకి ఎక్కడ కూకుంటానో జనానికి తెలియాల గదా బావా."

అతనికి అర్థం కాలేదు. తల్లి వైపు చూశాడు. జగ్గమ్మ చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది. తాతమ్మ కూతురు ఆమె, ఆ ప్రశ్న వింటూ పెరిగింది. కోడలి మొహం చూసి, చాట పక్కన పెట్టి, కొడుకు చేతిలోంచి ఆ కాగితం లాక్కుంది. చదవడం రాకపోయినా వేలితో ఆ వరస మీద తడిమింది.

"సంతలో మా యమ్మ పక్కన నాకూ ఒక సోటుండేదిరా" అంది. "పెళ్లి సేసి ఇక్కడికి తెచ్చినారు. సోటేటయిందని ఒక్కడూ అడగనేదు."